రీఫండ్ ఏడు రోజులన్నారు, ఏ రోజు నుంచో చెప్పలేదు

మే 10న ఫ్రిజ్ కొన్నాను, జూన్ 9న డబ్బులు వెనక్కొచ్చాయి. మధ్యలో ఆ ఫ్రిజ్ మా ఇంట్లో వారం రోజులుంది, ఆ వారంలో ఒక్క పూటైనా అందులో సీసా నీళ్లు చల్లబడలేదు. ఇది ఫ్రిజ్ గురించి రివ్యూ కాదు. దాని కర్మ అలా ఉంది, ఏ కంపెనీ సరుకులోనైనా ఎక్కడో ఒకటి అలా తగులుతుంది, అది మాకు తగిలింది. ఇది అమ్మిన షాపు గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ షాపు రెండో అంతస్తులో లిఫ్టు పక్కన 'కస్టమర్ సర్వీస్' అని బోర్డు పెట్టిన ఒక టేబుల్ గురించి, ఆ టేబుల్ సొరుగు గురించి.

షాపు విజయవాడ బందరు రోడ్డులో ఉంది, పెద్దదే, నాలుగు అంతస్తులు. పేరు రాయను. రాస్తే ఆ ఒక్క షాపుదే తప్పనుకుంటారు, పక్క షాపుకెళ్తారు, అక్కడా ఇదే జరుగుతుంది. మా ఆఫీసులో ఈ గోల చెప్పినప్పుడు ఒకాయన టీవీ కథ, ఇంకొకావిడ వాషింగ్ మెషీన్ కథ చెప్పారు, షాపులు వేరు, డైలాగులు మాత్రం అచ్చం అవే. "ఏడు నుంచి పది వర్కింగ్ డేస్ సార్."

అసలు ఆ షాపుకే ఎందుకెళ్లామంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో సామాను మొత్తం మునిగింది కదా, తర్వాత వాళ్లు ఫ్రిజ్జూ మిక్సీ అక్కడే కొన్నారు, డెలివరీ వాళ్లు బురద తొక్కుకుంటూ వచ్చి మరీ పెట్టి వెళ్లారట. ఆ మాట నమ్మి వెళ్లాం. అమ్మేదాకా వాళ్లకి వంక పెట్టడానికి లేదు, అది ఒప్పుకోవాలి. ఒక కుర్రాడు అరగంటసేపు ఓపిగ్గా డబుల్ డోరుకీ సింగిల్ డోరుకీ కరెంటు ఎంత తేడా వస్తుందో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పాడు, మజ్జిగ ఇచ్చారు, మా పాత ఫ్రిజ్‌కి 1,500 ఎక్స్‌చేంజ్ ఇస్తామన్నారు. అది పదకొండేళ్లది, తలుపు రబ్బరు ఊడిపోయి మేం కుర్చీ అడ్డం పెట్టుకుని వాడుతున్నది, దానికి 1,500 అంటే మా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

డబ్బు ఎలా కట్టామో ముందు చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. ధర 34,990. ఎక్స్‌చేంజ్ 1,500 తీసేశారు. ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు మీద 20,000 తగ్గకుండా గీకితే ఇంకో 1,500 అక్కడికక్కడే తగ్గింపన్నారు. ఆ కార్డు నా దగ్గర లేదు, గుంటూరులో మా బావమరిది దగ్గరుంది, ఆ రోజు వాడు బెజవాడలోనే ఉన్నాడు, పిలిచాం, వచ్చాడు, గీకాడు. ఆ 20,000 నేను అక్కడే నిలబడి వాడికి ఫోన్‌పేలో పంపేశాను. అమ్మ తన చీటీ డబ్బుల్లోంచి 5,000 నగదు ఇచ్చింది. మిగిలిన 6,990 నేను క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టాను. మొత్తం 31,990. మూడు దారుల్లో వెళ్లిన డబ్బు మూడు దారుల్లోనే వెనక్కి రావాలని అప్పుడు తట్టలేదు.

12న ఫ్రిజ్ వచ్చింది. నాలుగు గంటలు కదపకుండా ఉంచి ఆన్ చేయమన్నారు, చేశాం. రాత్రికి లోపల లైటు తప్ప ఇంకేం లేదు. తెల్లారి పాలు విరిగాయి, ముందురోజు చేసిన పప్పు పులిసింది. 13న కంప్లయింట్, 15న కంపెనీ టెక్నీషియన్ వచ్చి, వెనక వైపు చూసి, గ్యాస్ లీకని చెప్పి, దీన్ని బాగుచేయడం కాదు సార్ మార్పించుకోండి అని తనే డీఓఏ రిపోర్టు రాసిచ్చాడు. డీఓఏ అంటే వచ్చేటప్పుడే చచ్చి వచ్చిందని అర్థమట. ఆ అబ్బాయి పనితనానికి అయిదుకి అయిదు. ఫ్రిజ్, టీవీ ఏది పాడైనా ముందు ఆ కాగితం చేతిలో పెట్టుకోండి, అది లేకుండా షాపుకెళ్తే "ఓల్టేజీ ప్రాబ్లం అయ్యుంటుంది సార్" దగ్గరే గంట గడుస్తుంది.

17న షాపుకెళ్లాం. ఆ మోడల్ స్టాకు లేదు, నెలాఖరుకి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. మే నెలలో బెజవాడలో ఫ్రిజ్ లేకుండా నెలాఖరు దాకా ఆగడమంటే మాటలా. వేరే మోడల్ తీసుకోమన్నారు, ఇంకో 6,000 ఎక్కువ. వద్దు, డబ్బులిచ్చేయండి అన్నాను. మేనేజరు ఒక్క క్షణం నన్ను చూసి, "సరే సార్, రీఫండ్ చేసేద్దాం, ఏడు వర్కింగ్ డేస్‌లో పడిపోతాయి" అన్నాడు. నేను తలూపి వచ్చేశాను. ఆ తలూపడమే నా తప్పు. ఏడు రోజులు అన్నాడు గానీ ఏ రోజు నుంచి ఏడు అని అడగలేదు.

ఆ లెక్క తర్వాత తెలిసింది. 17 నుంచి కాదు. ముందు వాళ్ల బండి వచ్చి ఫ్రిజ్ తీసుకెళ్లాలి, 19న వచ్చింది. అది గొల్లపూడి గోడౌన్‌కి వెళ్లాలి, అక్కడ చెక్ చేసి కంప్యూటర్లో ఎక్కించాలి, 21న ఎక్కింది. ఆ తర్వాత షాపులో బిల్లు రద్దు చేసి క్రెడిట్ నోట్, అంటే ఇంత తిరిగివ్వాలని రాసే కాగితం, వేయాలి, ఎందుకంటే జీఎస్టీ కట్టిన బిల్లు కదా, ఊరికే చించేయడానికి వీల్లేదు. అది 22న వేశారు. ఆ 22 నుంచి ఏడు. అది కూడా 'వర్కింగ్'. నేనప్పటికే నా లెక్కలో అయిదు రోజులు గడిపేసుకుని, ఇంక రెండ్రోజులే కదా అని మా అమ్మకి చెబుతున్నాను.

22న మళ్లీ వెళ్లాను. ఆ రోజు రెండో అంతస్తులో ఆ టేబుల్ ముందు నాతో కలిపి ఆరుగురం. టేబుల్ వెనక ఒకే ఒక్క అమ్మాయి, ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, తిట్లన్నీ తను తింటుంది, బటన్లన్నీ ఇంకెవరి చేతిలోనో ఉంటాయి. క్రెడిట్ నోట్ ప్రింటు తీసిచ్చింది. ముందు "వోచర్ తీసుకుంటారా సార్, అదైతే ఇప్పుడే ఇచ్చేస్తాను" అంది. అందరినీ అదే అడుగుతోంది. వోచరైతే రెండు నిమిషాలు, డబ్బైతే రెండు వారాలు. దీనికి అర్థం మీరే ఆలోచించుకోండి. నాకు వద్దన్నాను. అప్పుడు నగదు 5,000 కింద క్యాష్ కౌంటర్‌లో సంతకం పెట్టించుకుని అప్పటికప్పుడు ఇచ్చేశారు. అమ్మ ఆ అయిదు వేలూ లెక్కపెట్టుకుని "చూశావా, నోట్లయితే నోట్లే" అంది. ఆ తర్వాత నెల రోజులు ఆ మాట వినాల్సొచ్చింది.

యూపీఐలో కట్టిన 6,990 గురించి అడిగితే క్యాన్సిల్డ్ చెక్కు కావాలన్నారు. ఎందుకమ్మా, ఏ అకౌంట్ నుంచి వచ్చిందో దానికే పంపించొచ్చు కదా అంటే, "మా సిస్టంలో క్యూఆర్ పేమెంట్‌కి రీఫండ్ ఆప్షన్ బ్రాంచిలో ఉండదు సార్, హైదరాబాద్ హెడ్ ఆఫీసు నుంచి ఎన్ఈఎఫ్‌టీ చేస్తారు" అంది. అంటే బ్యాంకు అకౌంట్ నుంచి అకౌంట్‌కి పంపడం. నా దగ్గర చెక్కు బుక్కు ఉండి ఎన్నేళ్లయిందో, పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో ఇచ్చాను. అదే మా వీధి చివర కిరాణా కొట్టాయన ఉన్నాడు, నేను ఒకసారి 45 కట్టబోయి 450 కట్టాను, ఆయన తన ఫోన్లోంచి టక్కున 405 వెనక్కి కొట్టాడు, పుల్లట్ల పిండి కట్టేలోపు వచ్చేసింది. నాలుగంతస్తుల షాపుకి హైదరాబాద్ కావాలి.

ఇక కార్డు. ఇక్కడ కొంచెం ఆగాలి. కార్డు గీకిన రోజే, రాత్రి మెషీన్ లెక్క క్లోజ్ చేయకముందే రద్దు చేస్తే దాన్ని వాయిడ్ అంటారు, డబ్బు అసలు కదలనట్టే. ఆ రోజు దాటితే అది రీఫండ్. అంటే షాపు వాళ్లు కొత్తగా ఇంకో లావాదేవీ మొదలుపెట్టాలి, అది వాళ్లకి మెషీన్ ఇచ్చిన బ్యాంకుకి, అక్కడి నుంచి వీసానో రూపేనో ఆ నెట్‌వర్కుకి, అక్కడి నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకుకి, చివరికి మన స్టేట్‌మెంటుకి చేరాలి. గీకేటప్పుడు మూడు సెకన్లలో వెళ్లే మెసేజి వెనక్కొచ్చేటప్పుడు నత్తలా వస్తుంది, అది నిజం, దానికి కొన్ని రోజులు పట్టడం మామూలే. కానీ ఆ నడక మొదలవ్వాలంటే ముందు షాపులో ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. నొక్కారా లేదా అన్నది మనకి కనపడదు. కనపడదు కాబట్టి వాళ్లేం చెప్పినా చెల్లుతుంది.

27న ఫోన్ చేస్తే "మేం 23నే పంపేశాం సార్, మీ బ్యాంకు దగ్గరే లేటు" అన్నారు. సరే అని మా బావమరిదికి ఫోన్ చేశాను. ఈ ఫోన్లు ఎంత ఇబ్బందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. డబ్బు పడేది వాడి కార్డులో, వాడు నాకివ్వాలి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఏరా, పడ్డాయా" అంటే అప్పు వసూలు చేస్తున్నట్టే ఉంది. నాలుగో రోజుకి వాడే "బావా, పడగానే నేనే చెబుతా కదా" అన్నాడు. ఆ గొంతులో చిరాకు లేదు గానీ ఉంటుందేమోనని నాకు అనుమానం. సాయంత్రం మా ఆవిడ "మా తమ్ముడేమైనా ఎగ్గొడతాడనుకుంటున్నారా" అంది. ఫ్రిజ్ పాడైంది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పైగా 28న వాడికి కార్డు స్టేట్‌మెంటు వచ్చింది, అందులో 20,000 అలాగే ఉంది, జూన్ 17లోపు కట్టాలి. రీఫండ్ వస్తుందని కట్టకుండా కూర్చుంటే, ఆ లోపు రాకపోతే వడ్డీ, లేట్ ఫీజూ వాడికే. మీ విషయంలో ఇలా జరిగితే గడువు దాకా చూడండి, రాకపోతే ముందు బిల్లు కట్టేయండి, తర్వాత వచ్చింది కార్డులో జమగా ఉంటుంది, ఎటూ పోదు. రీఫండ్ రాలేదని బ్యాంకు మన మీద జాలిపడదు.

వాడు బ్యాంకుకి ఫోన్ చేశాడు. అక్కడ ఒకామె చాలా స్పష్టంగా, "మాకేమీ రాలేదు సార్, షాపు వాళ్లని ఏఆర్‌ఎన్ అడగండి, అదుంటే ఎక్కడుందో వెతికి చెబుతాం" అందట. ఈ మూడక్షరాల మాట నాకు ఈ నెలలో దొరికిన ఒకే ఒక్క ఆస్తి. కార్డు రీఫండ్ నిజంగా మొదలైతే దానికో 23 అంకెల నంబరు పుడుతుంది, అదే ఏఆర్‌ఎన్. పుట్టిందంటే రీఫండ్ బయల్దేరిందని. నంబరు చెప్పలేకపోతున్నారంటే ఇంకా బయల్దేరలేదని, లేదా చెప్పేవాడికి తెలీదని. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్సు, ఎన్ఈఎఫ్‌టీ అయితే యూటీఆర్ అనే నంబరు. ఎప్పుడు వస్తాయి అని అడగడం మానేసి నంబరు చెప్పండి అని అడగడం మొదలుపెట్టాక ఫోన్లో అవతలి గొంతు మారింది. అంతవరకు "పడిపోతాయి సార్" అన్నవాళ్లు "కనుక్కుని చెబుతాం సార్"కి వచ్చారు.

28న అడిగాను, 29న అడిగాను, 30న నేరుగా వెళ్లాను. ఆ రోజు నా ముందు ఒక పెద్దాయన, పటమట నుంచి వచ్చారు, ఏసీ వెనక్కిచ్చేశారు, ఆయన ఫైనాన్స్‌లో వాయిదాల మీద కొన్నారు. ఆయన బాధ నాకన్నా పెద్దది. ఏసీ షాపుకి వెళ్లిపోయింది, కానీ షాపు వాళ్లు ఫైనాన్స్ కంపెనీకి డబ్బు తిప్పి పంపేదాకా అక్కడ లోను బతికే ఉంటుంది, రెండో తారీఖున వాయిదా కట్ అవుతుంది. "వస్తువు లేదు, అప్పు ఉంది బాబూ" అని నవ్వారు. వాయిదా కట్టకపోతే సిబిల్ స్కోరు ఆయనకే దెబ్బ, కడితే అది ఎప్పుడు తిరిగొస్తుందో ఆ అమ్మాయికీ తెలీదు. ప్రాసెసింగ్ ఫీజు ఎలాగూ రాదన్నారట. నో కాస్ట్ ఈఎంఐ అని బోర్డు మీద అంత పెద్ద అక్షరాలు రాసేవాళ్లు, వెనక్కిస్తే ఏం జరుగుతుందో చిన్న అక్షరాల్లోనైనా రాయరు.

మధ్యలో మా బావమరిది ఒక మెసేజి పంపాడు, ఆలస్యమైతే రోజుకి 100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలుందట బావా అని. ఆశగా చదివాను. ఉంది, 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్, కానీ అది మన కేసుకి కాదు. అది ఫెయిలైన లావాదేవీలకి. అంటే ఏటీఎంలో డబ్బు రాకుండా అకౌంట్లో కట్ అయితేనో, షాపులో కార్డు గీకితే మనకి కట్ అయి వాళ్లకి అందకపోతేనో, యూపీఐలో షాపుకి కట్టింది మధ్యలో ఆగిపోతేనో. అలాంటివాటికి లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోపు వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100. మనిషి నుంచి మనిషికి పంపే యూపీఐ అయితే ఒక్క రోజే గడువు. మనది ఫెయిలవ్వలేదు, శుభ్రంగా సక్సెసయింది, తర్వాత షాపు తిరిగివ్వాలి. ఇది బ్యాంకు బాకీ కాదు, షాపు బాకీ. చాలామంది ఈ రెండూ కలిపేసి బ్యాంకు మేనేజరుతో దెబ్బలాడుతుంటారు.

షాపు బాకీకి చట్టం వేరే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని బిల్లు మీద రాసిన గడువులోపు, అలా ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు, డబ్బు తిరిగివ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకొస్తుంది. నేను బిల్లు తిప్పి చూశాను. వెనక పదహారు షరతులున్నాయి, పార్కింగ్‌లో బండి పోతే మాకు సంబంధం లేదని కూడా ఉంది, రీఫండ్ ఎన్ని రోజులన్నది ఎక్కడా లేదు. ఏడు వర్కింగ్ డేస్ అన్నది నోటి మాటే. నోటి మాటకి సాక్షి నేను, మా ఆవిడ, మజ్జిగ గ్లాసు.

జూన్ 2న 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, డబ్బులేం అవ్వవు, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కోర్టు కాదు, తీర్పేమీ ఇవ్వరు, మన ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. కానీ ఆ 'అంతే' చాలాసార్లు సరిపోతుంది. బిల్లు, డీఓఏ రిపోర్టు, క్రెడిట్ నోట్ ఫొటోలు పెట్టాను, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, వచ్చింది. ఆ నంబరు, ఏఆర్‌ఎన్ అడుగుతూ నేను పంపిన మూడు మెసేజిల స్క్రీన్‌షాట్లు కలిపి షాపు హెడ్ ఆఫీసు మెయిల్‌కి పెట్టాను. రెండు లైన్లే రాశాను, తిట్లు రాయలేదు, తిట్టాలని చాలా ఉండింది. ఇదీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, అయిదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, షాపు హెడ్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే చోటే వేసుకోవచ్చు. అక్కడిదాకా వెళ్లకుండానే అయింది.

జూన్ 3 ఉదయం 11 గంటల 10 నిమిషాలకి 6,990 పడింది. యూటీఆర్ పట్టుకుని చూస్తే వాళ్లు పంపింది 10:30కి. మొత్తం నడక నలభై నిమిషాలు. ఎన్ఈఎఫ్‌టీ 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ, ఆదివారం, పండగ లేకుండా అరగంటకోసారి నడుస్తూనే ఉంటుంది. వర్కింగ్ డే అన్న మాట ఎన్ఈఎఫ్‌టీలోంచి పోయినా షాపుల్లో బతికే ఉంది. మే 22 నుంచి జూన్ 3 దాకా పన్నెండు రోజులు ఆ 6,990 ఎక్కడుందంటే ఎక్కడా లేదు, ఎవరి కంప్యూటర్లోనో అప్రూవల్ కోసం కూర్చుంది.

కార్డుది ఇంకా బాగుంటుంది. జూన్ 6న ఏఆర్‌ఎన్ మెసేజి చేశారు. మా బావమరిది అది బ్యాంకుకి చెబితే వాళ్లు చూసి, "ఇది షాపు నుంచి జూన్ 5న మొదలైంది సార్" అన్నారు. మే 23న కాదు. అంటే "మీ బ్యాంకు దగ్గరే లేటు" అని నాతో మూడుసార్లు చెప్పిన ఆ రోజుల్లో వాళ్లింకా బటనే నొక్కలేదు. జూన్ 9న వాడి కార్డులో 20,000 జమైంది, నాలుగే రోజులు. స్టేట్‌మెంటు గడువుకి ముందే కాబట్టి బకాయిలోంచి తగ్గిపోయింది, ఆ సాయంత్రమే వాడు నాకు పంపేశాడు, కింద లడ్డూ బొమ్మ ఒకటి పెట్టాడు. షాపు సొరుగులో పద్నాలుగు రోజులు, బ్యాంకుల దారిలో నాలుగు రోజులు. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది ఆ నాలుగు రోజులవాళ్లని.

ఇంకో విషయం, ఇది చాలామందికి జరగబోయి తప్పుతుంది. హెడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టిన రోజే ఆ షాపు ఫేస్‌బుక్ పేజీ కింద కూడా ఫోన్ నంబరుతో సహా కామెంట్ పెట్టాను, బుద్ధి తక్కువై. గంటలో ఫోనొచ్చింది, "రీఫండ్ డిపార్ట్‌మెంట్ సార్, మీ 20,000 రెడీగా ఉంది, ఇప్పుడొక రిక్వెస్టు వస్తుంది, పిన్ కొట్టండి" అని. మంచి తెలుగు, మర్యాద, అసలు షాపు వాళ్లకన్నా వీడే నయమనిపించింది. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన దగ్గర్నుంచి వెళ్తున్నట్టే. ఫోన్ పెట్టేశాను. పొరపాటున పిన్ కొట్టినవాళ్లు ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కామెంట్ తీసేశాను, మీరూ నంబర్లు అలా పెట్టకండి.

మిగిలింది రెండు 1,500లు. కార్డు ఆఫర్ తగ్గింపు ఎలాగూ మన చేతికి రాని డబ్బు, పోతే పోయింది, కానీ ఆ ఆఫరు ఒక కార్డుకి ఒక్కసారేనట, ఫ్రిజ్ వెనక్కిచ్చినా వాడేసినట్టే లెక్క. తర్వాత వేరే చోట ఫ్రిజ్ కొన్నప్పుడు అది వర్తించలేదు. రెండోది ఎక్స్‌చేంజ్. కొత్తది వెనక్కి తీసుకున్నప్పుడు మా పాతది మాకివ్వాలి కదా, లేదా దాని డబ్బివ్వాలి. పాతది అప్పటికే తుక్కుకి వెళ్లిపోయింది. రీఫండ్ కాగితంలో ఆ 1,500 లేనే లేదు, నేను అడిగితే "అది డిస్కౌంట్ సార్" అన్నారు. డిస్కౌంట్ ఎలా అవుతుంది, నలుగురు కలిసి మెట్ల మీద నుంచి దించుకెళ్లారు కదయ్యా దాన్ని. చాలా వాదన తర్వాత, 1915 డాకెట్ కూడా ఉంది కాబట్టి, వోచర్‌గా ఇస్తామన్నారు. నాకు ఓపిక అయిపోయింది, తీసుకున్నాను. అది నా ఓటమే.

అయిదుకి ఎంతంటే, అమ్మేటప్పుడు నాలుగు, టెక్నీషియన్‌కి అయిదు, డెలివరీకి నాలుగు, రెండో అంతస్తుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఆ అమ్మాయికి, చివరి రోజు తనే ఫోన్ చేసి "పడ్డాయా సార్" అని అడిగింది, బహుశా తన సొంత ఫోన్లోంచి. ఎవరైనా ఆ షాపులాంటి చోట వస్తువు వెనక్కిస్తుంటే, క్రెడిట్ నోట్ మీద ఏ తారీఖున ఏ దారిలో ఎంత పంపుతారో ఆమెలాంటి వాళ్లతోనే చేత్తో రాయించుకుని సంతకం తీసుకోండి. రాయమంటే మొదట రాయరు, నిలబడి ఉంటే రాస్తారు, వెనక క్యూ పెరుగుతుంది కాబట్టి.

వోచర్ పర్సులో ఉంది. చివరి తేదీ నవంబరు 30, 2,000 పైన కొంటేనే చెల్లుతుందని వెనక సన్నటి అక్షరాల్లో ఉంది, అది ఇంటికొచ్చాక చూశాను. అమ్మ హాట్‌బాక్సు తెచ్చుకుందాం అంటోంది. హాట్‌బాక్సు ఎంతుంటుంది, మహా అయితే ఎనిమిది వందలు. మిగతా 1,200కి ఏం కొనాలో ఇంకా తేలలేదు.